చెన్నరాయప్ప కుడికాలు

బేతమంగళ చుట్టుపక్కల చెన్నరాయప్ప కుడికాలికి ఉన్నంత మంచిపేరు పంచాయతీ మెంబర్లకు కూడా లేదు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బస్సు నడిపి, రోడ్డు దాటే కోడిని కూడా తొక్కకుండా రిటైరైన కాలు అది. అందుకు డిపోవాళ్లు వెండి పతకం ఇచ్చారు. పతకం మెడలో వేశారు గానీ, వేయాల్సింది కాలికేనని కండక్టర్లు వేళాకోళం చేసేవాళ్లు. ఆయన కూడా వాళ్లతోపాటు నవ్వేవాడు. లోలోపల మాత్రం, నిజమే కదా, అందులో వేళాకోళం ఏముంది అనుకునేవాడు.

అలాంటి కాలి మీద నింద పడింది. వేసింది పగవాళ్లయితే ఆయన లెక్కచేసేవాడు కాదు. నింద వేసింది ఆయనే.

చెన్నరాయప్ప కూతురు చంద్రిక కె.జి.ఎఫ్.లో బ్యాంకు ఉద్యోగి. అల్లుడు నందీశ్ బెంగళూరులో పనిచేస్తూ శనివారాలు వచ్చిపోతుంటాడు. మనవరాలు సుప్రీత రెండో తరగతి, బడి కూడా కె.జి.ఎఫ్.లోనే. ఉగాదికి ఇంటికి బ్యాటరీ కారు వచ్చినప్పటి నుంచి పొద్దున్నే పిల్లను బడిలో దించి రావడం తాత పని. ఆయన తిరిగొచ్చాక అదే కారులో, అదే దారిలో చంద్రిక బ్యాంకుకు వెళ్తుంది. సాయంత్రం పిల్లను తనే తీసుకొస్తుంది.

ఆ కారంటే చెన్నరాయప్పకు భలే ముద్దు. గేర్లు లేవు, క్లచ్చు లేదు, చప్పుడు లేదు. అన్నిటికన్నా ఆయనకు నచ్చింది ఇంకొకటి ఉంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనక నుంచి ఎవరో తాడు పట్టి లాగినట్టు బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. బ్రేకుతో పనే తక్కువ. బస్సు బ్రేకులు తొక్కి తొక్కి అరిగిపోయిన మోకాలికి ఇంతకంటే ఏం కావాలి. "కాలు తీస్తే నిలబడే బండిని నా సర్వీసులో చూసింది లేదప్పా" అని కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు.

డిసెంబరులో ఒక పొద్దున, మంచు ఇంకా పూర్తిగా విడవకముందే, సుప్రీతను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. చెరువుకట్ట దాటాక రోడ్డు కిందికి దిగుతుంది. ఆ దిగువలో ఓబలప్ప, అతని పెళ్లాం ప్రేమ ఏటా లాగే రోడ్డు మీద కోసిన రాగి పంట పరిచి నూర్చుకుంటున్నారు. ఓబలప్ప కర్రతో గడ్డి తిరగేస్తున్నాడు, ప్రేమ అంచున వంగి చాటతో చెరుగుతోంది. చెన్నరాయప్ప అలవాటుగా కాలు తీశాడు. బండి నెమ్మదించింది. నెమ్మదిస్తూ నెమ్మదిస్తూనే ఉన్నట్టుండి ముందుకు దూకింది.

తాడు పట్టుకున్నవాడు చటుక్కున తాడు వదిలేసినట్టయింది. ప్రేమ చాట విసిరేసి పక్కనున్న గుంతలోకి పడింది. హద్దుగా పేర్చిన రాళ్లను నెట్టుకుంటూ వెళ్లి కారు ఆగింది. ఎలా ఆగిందో, తను ఏం తొక్కితే ఆగిందో చెన్నరాయప్పకు తెలియలేదు. వెనక సుప్రీత ముందు సీటుకు నుదురు కొట్టుకుని ఏడుస్తోంది.

ప్రేమ లేచి నిలబడింది. మోచేతులు దోక్కుపోయాయి తప్ప పెద్ద దెబ్బేమీ తగల్లేదు. ఓబలప్ప పరుగెత్తుకొచ్చాడు. అతను నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. అద్దంలోంచి లోపలికి చూసి, జబ్బుపడినవాణ్ణి పలకరించినట్టు మెల్లగా అడిగాడు.

"ఏమన్నా, బ్రేకు అనుకోని యాక్సిలేటరు తొక్కేసినావా?"

లేదు అనబోయి చెన్నరాయప్ప కిందికి చూసుకున్నాడు. కుడికాలు బ్రేకు మీదే ఉంది. ఇప్పుడుంది సరే, ఇందాక ఎక్కడుంది? ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

"ఏమో ఓబలప్పా" అన్నాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందంటే తనకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం చంద్రిక పిల్ల నుదుటి మీద బొప్పి తడిమి చూసింది. తండ్రితో "నీకేమీ కాలేదు కదా నాయినా" అని మాత్రం అంది. మరునాడు పొద్దున ఆయన కారు తాళం తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి ఆటో నిలబడి ఉంది. సుప్రీత అందులో కూర్చుని బ్యాగు ఒళ్లో పెట్టుకుంది.

"బండి చూపించేదాకా, నాయినా. అంతే" అంది చంద్రిక, ఆయన మొహం చూడకుండా.

"మంచిది చేసినావమ్మా" అన్నాడాయన. ఆమె మీద కోపం రాలేదు. ఆమె స్థానంలో తనున్నా అదే చేసేవాడు. ఆటో మలుపు తిరిగేదాకా సుప్రీత చెయ్యి ఊపుతూనే ఉంది, ఆయన మాత్రం తాళం పట్టుకున్న చెయ్యి ఎత్తలేకపోయాడు.

చంద్రిక సెలవు పెట్టింది. ఇద్దరూ కారు తీసుకుని కోలారులో సర్వీసు సెంటరుకు వెళ్లారు. అక్కడి మెకానిక్ మునిశంకర్ మర్యాదస్తుడు. కారుకు వైరు తగిలించి, ల్యాప్‌టాప్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. పెడలు చూశాడు, బ్రేకు చూశాడు. కాళ్లకింది మ్యాట్ పెడలుకు అడ్డం పడుతోందేమోనని తీసి చూశాడు. చెన్నరాయప్ప చెప్పులు కూడా విప్పించి చూశాడు.

"ఎట్లాంటి జాగాలో అయింది సార్? దిగువా?"

"దిగువే."

"రోడ్డు మీద ఏమన్నా ఉన్నిందా? కంకర, ఆయిలు, బురద, అట్లాంటివి?"

"ఏమీ లేదప్పా. మొన్న మొన్న వేసిన మంచి తారు రోడ్డు" అన్నాడు చెన్నరాయప్ప. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

మునిశంకర్ ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని కారును హైవే మీద దౌడు తీయించాడు. తర్వాత ఆయన చేతే నడిపించాడు. గుడికి పోయే ముసలమ్మలా నడిచింది కారు. చివరికి మునిశంకర్ చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"బండిలో ఏ ప్రాబ్లమూ లేదు సార్." ఇంకేదో అనబోయి, చెన్నరాయప్ప తెల్లజుట్టు చూసి మింగేశాడు. మింగేసిందేమిటో ముగ్గురికీ అర్థమైంది.

బండిలో లేకపోతే మరి ఎక్కడ ఉన్నట్టు? చంద్రిక వారం రోజులు అదే దారిలో బ్యాంకుకు వెళ్లొచ్చింది. కారు ఒక్కసారి కూడా దూకలేదు. సలహాలు మాత్రం దూకుతూ వచ్చాయి. చెన్నరాయప్ప అక్క మునివెంకటమ్మ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించింది. "చప్పుడు లేకుండా పొయ్యేదాన్ని ఎట్లా నమ్మేదిరా? దయ్యం గూడా అట్లే పోతాది" అంది. కె.జి.ఎఫ్.లో మూతపడ్డ బంగారు గనుల పక్కన, చాంపియన్ రీఫ్స్‌లో టీ అంగడి దగ్గర కలిసిన పాత కండక్టరుకైతే కారణం ఎప్పుడో దొరికిపోయింది.

"ఈ నేల కిందంతా సొరంగాలుండాయి కదా. మిగిలిపోయిన బంగారం కరెంటు బండిని లాగతా ఉండాది."

"బంగారం యాడైనా లాగుతుందా అప్పా? అయస్కాంతమా అది?"

"ఇంగ్లాండులో ఉండే మనుషుల్నే ఇంతదూరం లాగింది. నీ కారొక లెక్కా."

నవ్వొచ్చింది గానీ, మనసు పాడైనవాడికి ఏ మాటైనా కొంచెం నిజంలాగే వినిపిస్తుంది. చెన్నరాయప్ప గని కార్మికుల లైను ఇళ్ల మధ్య ఖాళీ వీధుల్లో, గని షాఫ్టు మీది ఇనుప గోపురం నీడలో కారును అటూ ఇటూ తిప్పి చూశాడు. సొరంగాలన్నీ ఆ కిందే. ఏమీ కాలేదు. అంటే బంగారానికీ నేరం లేదు.

ఇక తేల్చుకోవాల్సిందేనని ఒక పొద్దున ఒంటరిగా చెరువుకట్ట మీదికి వెళ్లాడు. దిగువ మొదట్లోనే ప్రేమ ఆయన కారును చూసింది. చూసి, చాట చంకన పెట్టుకుని గబగబా కట్ట ఎక్కేసింది. ఓబలప్ప కూడా కర్ర భుజాన వేసుకుని దూరం జరిగాడు. మదమెక్కిన ఆంబోతు వస్తుంటే తప్పుకున్నట్టు తప్పుకున్నారు. ఎన్నో ఏళ్లుగా తన బస్సు వస్తుంటే చెయ్యెత్తి పలకరించిన మనుషులు వాళ్లు.

ఆయన కాలు తీశాడు. బండి నెమ్మదించింది. మళ్లీ అదే చోట, అదే దూకుడు. ఈసారి వెంటనే బ్రేకు దొరికింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ దూకిన ఆ క్షణంలో కాలు ఎక్కడుందో మళ్లీ గుర్తు లేదు. కాలు తీశాననే అనిపిస్తోంది. తీసినవాడికైతే బండెందుకు దూకుతుంది? అదే రోడ్డు మీద చంద్రికకు దూకదు. మెకానిక్‌కు దూకదు. నాకే దూకుతోందంటే, నేను తీశాననుకుని తొక్కుతున్నానన్నమాట. అరవై దాటినవాళ్లకు ఇట్లా అవుతుందని టీవీలో చెప్తూనే ఉంటారు. తొక్కిందేదో తెలియని మనిషి బస్సులో యాభైమందిని కూర్చోబెట్టుకుని ఇన్నేళ్లు ఎట్లా నడిపాడు? ఆ కాలూ ఈ కాలూ ఒకటేనా? ఇంటికి వచ్చి తాళాన్ని టీవీ పక్కన, పతకం ముందు పెట్టేశాడు. ఆ వైపు మళ్లీ చూడలేదు.

ఆదివారం పొద్దున్నే చంద్రిక పెరట్లోకి వెళ్తే తండ్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ల ముందు రెండు చెక్కముక్కలు. కళ్లు మూసుకుని కుడికాలితో ఒకసారి ఈ చెక్క, ఒకసారి ఆ చెక్క తొక్కుతున్నాడు. తొక్కినప్పుడల్లా నోట్లోనే అనుకుంటున్నాడు, యాక్సిలరేటర్‌ను బస్సువాళ్ల మాటలో రేజు అంటూ. "ఇది బ్రేకు. ఇది రేజు. ఇది బ్రేకు."

గుమ్మంలో కూర్చున్న మునివెంకటమ్మ మేనకోడలికి సైగ చేసింది. "తెల్లారకముందు నించీ ఇదే పని. మాట్లాడిస్తే గమ్మున ఉండమంటాడు. నువ్వైనా చెప్పు."

చంద్రికకు ఏడుపొచ్చింది. ఏడవకుండా లోపలికి వెళ్లి, టీవీ పక్కనున్న తాళం తెచ్చి ఆయన ఒళ్లో వేసింది.

"పద నాయినా. నువ్వు నడుపు. నేను రోడ్డు చూడను, నీ కాళ్లు చూస్తా."

"వద్దమ్మా. నిన్ను యాడన్నా కొట్టి చంపేస్తానేమో."

"చంపితే చంపుదువు గానీ. ఇట్లా చెక్కలు తొక్కతా ఉంటే నేను చూడలేను."

ముందు సీట్లో పక్కకు తిరిగి, తల స్టీరింగు కిందికి వంచి కూర్చుంది చంద్రిక. బెల్టు మెడకు కోసుకుంటున్నా కదల్లేదు. చెరువుకట్ట వచ్చింది, దిగువ వచ్చింది. కట్ట మీద నిలబడి ఉన్న ప్రేమ కనిపించింది.

"ఇప్పుడు తీస్తా ఉండాను" అన్నాడు.

"తీసినావు. చూస్తా ఉండా."

బండి నెమ్మదించింది. చక్రాల కింద పరపరమని చప్పుడు మొదలైంది. అంతలో బండి దూకింది.

"నీ కాలు గాల్లో ఉండాది నాయినా" అని అరిచింది చంద్రిక. "బ్రేకు తొక్కు."

తొక్కాడు. కారు ఆగింది. చంద్రిక తల పైకెత్తింది. బెల్టు ఒరుసుకుని మెడ ఎర్రబడింది. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"దూకినప్పుడు నీ కాలు గాల్లో ఉన్నింది. దేని మీదా లేదు. నా కళ్లతో చూసినా."

చెన్నరాయప్ప స్టీరింగు మీద తల ఆనించాడు. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

చంద్రిక అద్దం దించి కిందికి చూసింది. చక్రం కింద, మంచుకు తడిసి ఇంకా ఆరని రాగిగడ్డి నలిగి పడుంది.

"అది సరే నాయినా, రాగి మీదికి ఎందుకు తిప్పినావు?"

ఆయన తల ఎత్తాడు. ప్రశ్నే అర్థం కాలేదు.

"తిప్పేదేముంది? పరిచి ఉంటే పోవద్దా?"

"నేనెప్పుడూ పక్కనించి పోతా. గడ్డి కింద చుట్టుకుంటుందని నందీశ్ చెప్పినాడు."

"పక్కనించి పోతావా?" కారు దూకినప్పటి కంటే ఎక్కువ కంగారు పడ్డాడాయన. "వాళ్లు పరిచిందే మన చక్రాల కోసం కదమ్మా. పక్కనించి పోతే ఏమనుకుంటారు?"

తప్పు ఆయనది కాదు. ఆ సీమలో రాగి కోతలైతే రోడ్డే కళ్లం. కట్టలు విప్పి పరుస్తారు, వచ్చేపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. ఎద్దుల జతలు నాలుగు చేసే పని బస్సు ఒక్క రాకపోకలో చేస్తుంది. చెన్నరాయప్ప బస్సు వేళ చూసుకుని కట్టలు విప్పిన రైతులున్నారు. ఆయన వేగం తగ్గించి, ఎడమ చక్రాలు సరిగ్గా రాగి మీద పడేలా పోనిచ్చేవాడు. పక్కనుంచి తప్పించుకుపోయే డ్రైవరును పొగరుబోతు అనేవాళ్లు. సంక్రాంతి ముందు కొత్త రాగిపిండి సంచులు బస్సు కిటికీలోంచి ఆయనకే వచ్చేవి. ఇన్నేళ్ల అలవాటు. ఆయన దృష్టిలో రాగి రోడ్డు మీద ఉన్న వస్తువు కాదు, డిసెంబరులో రోడ్డు అలాగే ఉంటుంది.

చంద్రిక అక్కడి నుంచే మునిశంకర్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది. అతను మొత్తం విన్నాడు.

"కాలు తీస్తే మోటారే బండిని పట్టి ఆపుతుంది సార్. తడి గడ్డి మీద చక్రం జారింది అనుకోండి, బండి పక్కకు తిరుగుతుందని కంప్యూటరు ఆ పట్టు వదిలేస్తుంది. దిగువ కదా, వదిలితే ముందుకే పోతుంది. అది రేజు కాదు, పట్టు తప్పడం." తర్వాత తనే అడిగాడు. "రోడ్డు మీద ఏమన్నా ఉన్నిందా అని నేను అడిగినా కదా సార్?"

"నువ్వడిగింది కంకరా, ఆయిలూ కదప్పా. ఇది రాగి" అన్నాడు చెన్నరాయప్ప నిజాయితీగా.

ఫోన్లో మునిశంకర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వు తగ్గాక రెండు సంగతులు చెప్పాడు. ఆ పట్టును స్విచ్చితో పూర్తిగా తగ్గించుకోవచ్చు. అట్లాంటి చోట్ల ముందుగానే కాలు బ్రేకు మీద ఉంచుకోవాలి.

"అంటే బస్సు నడిపినట్టే" అన్నాడు చెన్నరాయప్ప.

ఇంటికి వచ్చాక చంద్రిక ఆటో అతనికి ఫోన్ చేసింది. "రేపట్నించి రావద్దులేప్పా. వాళ్ల తాత దించుతాడు." పక్క గదిలో ఉన్న తండ్రికి వినపడాలనే గట్టిగా చెప్పింది.

సోమవారం సుప్రీత ఎక్కగానే బెల్టు తానే పెట్టుకుంది. దిగువ రాగానే చెన్నరాయప్ప కుడివైపుకు తిప్పి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రాగిని తప్పించి పోయాడు. వెనక పిల్ల ఉంది, ప్రయోగాలకు ఇది వేళ కాదు. అద్దంలో ఓబలప్ప కర్ర నేలకు ఆనించి ఇటే చూస్తూ కనిపించాడు. ముసలాయన భయపడిపోయాడనుకుని ఉంటాడు. చుట్టాన్ని చూసీ చూడనట్టు పోయినంత సిగ్గేసింది చెన్నరాయప్పకు.

పిల్లను దించి, తిరిగొచ్చి, కట్ట మీద కారు ఆపి దిగాడు. ప్రేమ అప్పటికే పైకి ఎక్కేసి, చాట గుండెలకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆయన దగ్గరికి నడిచి వెళ్లి మోటారు సంగతి, కంప్యూటరు సంగతి, చక్రం జారే సంగతి చెప్పాడు. అందులో సగం ఆయనకూ సరిగ్గా తెలియదు. ప్రేమ చివరిదాకా వింది.

"ఇదంతా నాకు తెల్వదన్నా. నీ కాలు బాగుండాదా?"

"బాగుండాదమ్మా. కాలు మంచిదే."

"అట్లయితే పక్కనించి పోతావేమి? కింద పరిచింది ఇంగా ఎవరూ తొక్కలే" అంటూ ఆమె కట్ట దిగి, రోడ్డు అంచున తన చోటికి వెళ్లింది.

చెన్నరాయప్ప కారెక్కి, మళ్లీ దిగువ వైపుకు తిప్పుకున్నాడు. మునిశంకర్ చెప్పిన స్విచ్చి తిప్పి పట్టు పూర్తిగా తగ్గించాడు. కుడికాలు బ్రేకు మీద పెట్టి, మోకాలు నొప్పి పుడుతుండగా, బండిని మెల్లమెల్లగా రాగి మీదికి వదిలాడు. గడ్డి పరపరలాడింది. కాలు అడిగినంత ఆగింది బండి, వదిలినంత కదిలింది. మెడలో పతకం వేసిన రోజు కూడా ఆయనకు ఇంత సంతోషం కలగలేదు.

ప్రేమకు మూరెడు దూరంలోంచి చక్రాలు వెళ్తున్నాయి. ఆమె కారు వైపు వీపు పెట్టి కూర్చుని, తల తిప్పకుండా రాగి చెరుగుతోంది.